మల్లన్న చెబితే తగ్గిస్తారు

సారాను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. మా ఊరి జయరాజు కోడలు. కాపురానికి వచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే ఆడవాళ్ళంతా ఆమె ఇంటి ముందు కూర్చోవడం మొదలుపెట్టారు.

అంతకుముందు కదిరిలో ఆసుపత్రి పని ఏదైనా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ముఖ్యంగా ఫైలు. వేరే డాక్టరుకు చూపించాలంటే పాత రిపోర్టులు, ఆపరేషన్ కాగితాలు కావాలి కదా. వాటి నకళ్ళకు అక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో రెండు వేలు అడిగేవాళ్ళు. నేను వెళ్ళి, కౌంటరులో ఉండే ఈశ్వరప్ప భుజం మీద చెయ్యి వేసి, నవ్వించి, బతిమాలి, పన్నెండు వందలకు దించేవాణ్ణి. "మల్లన్న చెప్తే తగ్గిస్తారప్పా" అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆ మాట కోసం ఎన్నిసార్లైనా బస్సెక్కుతాను, దాచడమెందుకు?

సారా వచ్చి అంతా చెడగొట్టింది. ఆమె ఎవరినీ బతిమాలనివ్వదు. అర్జీ రెండు ప్రతులు రాసిచ్చి, ఒకదాని మీద ఆసుపత్రి ముద్ర వేయించుకు రమ్మంటుంది. "రోగి అడిగితే మూడు దినాల్లో ఇయ్యల్ల. జెరాక్స్ ఖర్చు తప్ప పైసా ఎక్కువ తీసుకోకూడదు" అంటుంది. రామలక్ష్మమ్మ అలాగే అడిగి, నూటిరవై కట్టి ఫైలు తెచ్చుకుంది. ఆ సంగతి విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

"ఏదో ఒకసారి జరిగింటాది లేప్పా" అన్నాను టీ అంగడి దగ్గర. ఒక్కడూ ఔననలేదు.

అంతలో కష్టం నా ఇంటికే వచ్చింది. నా భార్య హనుమక్కకు మెడ పక్కన గడ్డ లేచింది. కదిరిలో ముక్క తీసి పరీక్ష చేసి, ఎందుకైనా మంచిది బెంగళూరులో పెద్ద డాక్టరుకు చూపించమన్నారు. ఆయన సోమవారం రమ్మన్నాడు. ఫైలు లేకుండా మాత్రం రావొద్దన్నాడు.

"సారాతో అర్జీ రాపిచ్చుకుందామయ్యా" అంది హనుమక్క.

"నా పెండ్లాం ఫైలు నేను తెచ్చుకోలేనా? మధ్యలో ఆ పిల్ల ఎవరు?" అని కసిరాను.

మంగళవారం ఇద్దరం కదిరి వెళ్ళాం. ఈశ్వరప్ప నన్ను చూసి నవ్వాడు.

"మా వదిన ఫైలా అన్నా? రేట్లు పెరిగినాయి. నువ్వు కాబట్టి పదహైదు నూర్లు."

భుజం మీద చెయ్యి వేశాను. పిల్లల చదువులు అడిగాను. టీ తెప్పించాను. టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, "సరే, పద్నాలుగు" అన్నాడు. ఓయబ్బో, నాకెంత సంతోషమో! వెనక్కి తిరిగితే హనుమక్క బెంచీ మీద, మెడ చుట్టూ కొంగు కప్పుకుని, నన్నే చూస్తోంది.

ఆమె లేచి వచ్చింది. సంచిలోంచి రెండు కాగితాలు తీసి కౌంటరు మీద పెట్టింది.

"అప్పా, నా ఫైలు నేనే అడుగుతాండా. జెరాక్సుకు ఎంతయితే అంత తీసుకో. ఈ రెండో కాగితం మీద ముద్రెయ్యి."

ఈశ్వరప్ప నా మొహం చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. అతను ముద్ర వేసి, "శుక్రవారం రాండి" అన్నాడు.

బయటికి రాగానే పట్టలేక, "ఎప్పుడు పోయినావు ఆ పిల్ల దగ్గరికి?" అని అడిగాను.

"గడ్డ నొస్తాందా అని అడుగుతావనుకున్యా" అంది హనుమక్క.

బస్సులో ఆమె సారాకు ఫోన్ చేసింది. ముద్ర వేయించుకున్న సంగతి నవ్వుతూ చెప్పింది. నాతో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. పక్కనే కూర్చుని కుళ్ళిపోయాను.

ఫైలు శుక్రవారం వచ్చింది, జెరాక్స్ ఖర్చుకే. బెంగళూరు డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, కోత అక్కర్లేదు, మందులతో కరుగుతుందన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఏడ్చేశాను. హనుమక్క నా వీపు నిమిరింది.

మర్నాడు పొద్దున్నే పక్కింటి బాలప్ప వాకిట్లో నిలబడి పిలిచాడు.

"అన్నా, మా బామ్మర్ది ఫైలు తీసుకోవల్ల, కదిరి ఆసుపత్రిలో."

నా ప్రాణం లేచివచ్చింది. గబగబా కొక్కెం మీది చొక్కా అందుకున్నాను.

"వస్తాండా ఉండప్పా. ఈశ్వరప్ప మనోడే!"

"నీకెందుకన్నా శ్రమ?" అన్నాడు బాలప్ప. "వదినను పిలువు. ఎట్ల అడగల్లనో చెప్తాది."

ఒక చెయ్యి చొక్కాలో ఉంది, ఇంకొకటి బయటే ఉంది. అలాగే నిలబడి, "హనుమక్కా, నీకోసమే వచ్చినారు" అని కేకేశాను.