గుర్తు కట్టిన చోటు

వీరవేణి మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. రాజమండ్రి ల్యాబులో ఆమె వెతుకుతున్న ప్రోటీన్ మామూలుగా కంటికి ఆనదు. అందుకే దాని కొసన గుర్తుగా చిన్న పెప్టైడ్ ట్యాగ్ తగిలించి, ఆ ట్యాగ్‌కి మాత్రమే అంటుకునే ఆకుపచ్చ రంగు వేసింది. నాలుగు నెలల చాకిరీ. ప్రోటీన్ వెలగడం బ్రహ్మాండంగా వెలిగింది. కానీ కణం అంచున, పొరలో తనవాళ్ల మధ్య ఉండాల్సింది, నట్టనడుమ ఒంటరిగా ముద్దకట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి, అంతర్వేదిలో ఉన్న వెంకటదుర్గకి ఫోన్ చేసింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చేపల వలకి చెరోవైపు కూర్చుని చిరుగులు అల్లినవాళ్లు.

"మన వల అని తెలియడానికి రంగుగుడ్డ ఎక్కడ కట్టేవాళ్లమే?"

"పైన తేలే బెండుకి కదండీ. కింద బరువు గుండ్ల వైపు కడితే చుట్టుకుపోయి వల విచ్చుకోదండి."

వీరవేణికి తప్పు తెలిసిపోయింది. ప్రోటీన్ పొరని పట్టుకునే కొసకే తను ట్యాగ్ కట్టేసింది. 'రెండో కొసకి మార్చాలి' అని నోట్‌బుక్‌లో రాసుకుంది.

"నన్ను అండీ అంటావేంటే? ఒసేయ్ వేణీ అనేదానివి కదా."

వెంకటదుర్గ గొంతు తగ్గించింది.

"అప్పుడు వేరండీ. ఇప్పుడు మీరు సైంటిస్టు గారు. మా అత్త ఇక్కడే ఉందండి, వింటే బాగోదు. ఉంటానండి."

నయమే, ప్రోటీన్‌కైతే గుర్తు మార్చి కట్టడానికి రెండో కొస ఉంది అనుకుంటూ, వీరవేణి తినని అన్నం మీద మూత పెట్టేసింది.