మేస్త్రీగారి ఆవిడ సణుగుడు

మోటారుకు చుడుతున్న రాగితీగ నూట పన్నెండో చుట్టు దగ్గర ఉండగా రిపేరు కొట్టు గుమ్మంలో చక్రాల చప్పుడైంది. లెక్క తప్పకుండా తీగను బొటనవేలితో నొక్కిపట్టి మేస్త్రీగారి ఆవిడ తలెత్తింది. వీధి చివర బట్టలు కుట్టే టైలరమ్మ, పాత వాక్యూమ్ క్లీనర్‌ని గొట్టం పట్టుకుని, మొండికేసిన మేకను లాగినట్టు లాక్కొస్తోంది.

"అన్నయ్యా, ఇది అరుస్తోందే గానీ ఒక్క దారప్పోగు లాగట్లేదు. రేపు పొద్దున్నకి ఆరు తెల్లకోట్లు ఇవ్వాలి. వాటిమీద దుమ్ము పడిందంటే నా పని అయిపోయినట్టే."

మేస్త్రీ అటు తిరిగి ఇస్త్రీపెట్టె స్క్రూలు బిగిస్తున్నాడు. ఇటు తిరగలేదు. ఆవిడ బల్లమీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. ఆ అదురు తగిలి వెనక్కి చూసి, "ఎంతసేపైందమ్మా వచ్చి?" అన్నాడు.

"ఇప్పుడేలే అన్నయ్యా" అని, సంగతి మళ్ళీ చెప్పి, సాయంత్రం వస్తానని టైలరమ్మ వెళ్ళిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ గదిలో వాళ్ళిద్దరివీ రెండు బల్లలు. కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేది ఆవిడ. రోగం చెప్పేది ఆయన. మూత విప్పకుండానే చెవి ఒగ్గి విని, "బేరింగు ఎండిపోయింది" అనో, "కార్బన్ బ్రష్షులు అరిగాయి" అనో తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఆవిడ చుట్టిన తీగ మాత్రం మూత కింద ఉండిపోయేది, ఎవరి కంటా పడేది కాదు. అందరికీ ఆవిడ మేస్త్రీగారి ఆవిడే. దాని గురించి ఆవిడకు ఏనాడూ చింత లేదు.

బెంగల్లా ఆయన చెవుల గురించే. రెండేళ్ల కిందట సన్నని శబ్దాలు ముందు పోయాయి. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని కస్సుమన్నాడు. ఆవిడ ఇక ఆ ఊసెత్తలేదు. దాని బదులు సణగడం నేర్చుకుంది. మోటారు కూత పెడితే, "అబ్బబ్బ, ఈ కీచు వినలేక చస్తున్నా" అని గట్టిగా విసుక్కునేది. లోపలేదైనా కొట్టుకుంటుంటే, "ఈ టకటకకి నా తల పగిలిపోతోంది" అనేది. ఆయన ఏమీ విననట్టే మొహం పెట్టి, సరిగ్గా ఆ భాగమే విప్పేవాడు.

ఆయన వాక్యూమ్ క్లీనర్ మూత తీసి ముందు సంచి చూశాడు. సగమే నిండింది. వడపోత గుడ్డను దులిపాడు. కింది రోలరుకు చుట్టుకుపోయిన దారాలను బ్లేడుతో కోసి, గుప్పెడు రంగుల పోగులు పక్కన పడేశాడు. గొట్టంలోకి కడ్డీ దూర్చి తిప్పితే వంపు దగ్గర అడ్డుపడి ఉన్న లైనింగు గుడ్డ బయటికొచ్చింది. స్విచ్చి వేసి గొట్టానికి అరచెయ్యి ఆనించాడు. చెయ్యి అతుక్కుపోయింది.

మామూలుగానైతే అక్కడితో పని అయిపోయినట్టే. కానీ ఆవిడకు కీచు వినపడుతోంది. సణగడానికి నోరు తెరిచేలోగా ఆయన స్విచ్చి ఆపి, ఆవిడ వైపు తిరిగాడు.

"ఏం వినపడుతోంది?"

రెండేళ్లలో అడగడం అదే మొదలు. ఆవిడ చేతిలో తీగ వదులైంది. ఎన్నో చుట్టులో ఉందో మరిచిపోయింది.

"నువ్వు సణిగేదాకా ఆగుతూనే ఉన్నానే ఇన్నాళ్ళూ" అన్నాడాయన, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "ఇవాళ ఎందుకో, నేరుగా అడిగేస్తే పోలా అనిపించింది."

ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "మొదట ఈల లాగా సన్నగా. స్పీడు అందుకున్నాక కీచు."

"ఆపాక?"

"గరగరమని ఆగింది."

"వెనక బేరింగు" అన్నాడు వెంటనే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో వెనకటి మేస్త్రీ కనిపించాడు.

మోటారు బయటికి తీసి, అరిగిన బేరింగు ఊడలాగి కొత్తది దిగగొట్టారు. ఆవిడ పట్టుకుంది, ఆయన కొట్టాడు. మళ్ళీ బిగించి స్విచ్చి వేసి, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడేం లేదు. ఉత్త గాలి."

"వచ్చే వారం ఆ డాక్టరు దగ్గరికి వెళ్దాంలే" అన్నాడు, మోటారు ఆపి. "నీ గొంతన్నా మిగులుతుంది."

ఆవిడ పక్కున నవ్వి, టీ పెట్టడానికి వెనక గదిలోకి వెళ్ళింది. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీలో గోడకు తల ఆనించి ఉన్నాడు.

"ఏమండీ, టీ."

వినపడలేదనుకుంది. బల్లమీద తట్టింది. గ్లాసులు పెట్టేసి ఎదురుగా వెళ్ళి నిలబడింది. అప్పటికీ ఆయన కళ్ళు తెరవలేదు. భుజం పట్టుకుని కుదిపితే తల ఆవిడ చేతిమీదికి ఒరిగింది.

డాక్టరు వచ్చి గుండె ఆగిందని చెప్పి వెళ్ళాడు. గది నిండా జనం చేరారు. చీకటి పడకముందే టైలరమ్మ పరుగెత్తుకొచ్చి, "వదినా" అంటూ ఆవిడ పక్కన కూలబడింది. ఆవిడే లేచి వాక్యూమ్ క్లీనర్‌ని గుమ్మం దాకా నెట్టుకొచ్చింది. "తీసుకెళ్ళమ్మా. పని పూర్తి చేసే వెళ్ళారు."

దాని పిడికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది. ఆవిడ టీ పెడుతున్నంతలో రాసినట్టున్నాడు, గుండ్రని అక్షరాలు: "సంచి నిండకముందే మార్చండి. గొట్టం వంచి పెట్టకండి. శబ్దం మారితే వెంటనే మా ఆవిడకు వినిపించండి."