ఆటంకములు తొలగించుము

కర్నూలుకు రావడం ఇది ఎన్నోసారో నెహెమ్యా చెప్పలేడు. ఊరి నుంచి డోన్ దాకా ఆటో, డోన్ నుంచి బస్సు, బస్టాండు నుంచి కోర్టు వెనక వీధి దాకా నడక. మొదట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఇప్పుడు ఒంటి మీద ఏది ఉంటే దానితోనే బయలుదేరుతున్నాడు. వెంట బసవన్న ఉన్నాడు. ఇద్దరి పొలాలూ ఒకే కుంట కింద ఉన్నాయి, ఇద్దరి పేర్లూ కేసులో ఉన్నాయి, ఇద్దరికీ అరవై దాటాయి. మొదటి ఏడాది దారి పొడుగునా ఆ కేసు గురించే మాట్లాడుకునేవారు. ఇప్పుడు బస్సెక్కగానే ఎవరి కిటికీకి వారు తల ఆనించి నిద్రపోతున్నారు.

కేసు చెప్పుకోవాలంటే పెద్ద పురాణమేమీ కాదు. ఊరి పేరు రాళ్లకుంట, ఊరి పైనున్న కుంట పేరూ అదే. ఆ కుంటలోకి నీళ్లు తెచ్చేది ఒక వంక. ఏడాదిలో నాలుగు రోజులు పారితే గొప్ప. మిగతా రోజులన్నీ ఇసుక, తుమ్మచెట్లు, మేకలు. కానీ ఆ నాలుగు రోజుల నీళ్లతోనే కుంట నిండుతుంది, కుంట కింద బోర్లన్నీ ఏడాదంతా బతుకుతాయి. పక్కనే వెలసిన విశ్వవిద్యాలయం వాళ్లు సరిగ్గా ఆ వంక మీదే క్రీడా ప్రాంగణం కడతామన్నారు. పరుగు పందేలకు ట్రాకు, గ్యాలరీ, పచ్చగడ్డి మైదానం, ఆకాశమంత ఎత్తున లైట్ల స్తంభాలు. ప్రణాళిక పటంలో ఆ నేల అంతకు ముందు నీలం రంగులో ఉండేది. అంటే నీళ్లు పారే చోటు, కట్టడాలు కూడదు. ఒక రోజు పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన వచ్చింది. నీలం కాస్తా గులాబీ రంగయింది. అంటే విద్యాసంస్థల స్థలం. అధికారులు చూడడానికి వచ్చింది మే నెలలో. "వంక వంక అంటారు, నీళ్లేవయ్యా?" అని అడిగారు. మే నెలలో ఈ సీమలో నీళ్లేవని అడిగేవాళ్లకు ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు!

ఆటల మైదానం వద్దని ఊళ్లో ఎవరూ అనలేదు. వంకను వదిలి అవతల మిట్ట మీద కట్టుకోమన్నారు. ఆ ఒక్క మాట చెప్పడం మొదలుపెట్టి మూడేళ్లయింది, ఇంకా చెబుతూనే ఉన్నారు.

లాయరు ఉమామహేశ్వర మంచివాడే. కాకపోతే ఆయన గదిలో ఫ్యాను తిరగడం కంటే మూలగడమే ఎక్కువ. ఇద్దరినీ కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లు ఇప్పించి, తర్వాత ఒక కాగితాల కట్ట ముందుకు తోశాడు.

"పోయిన ఏడాది మీ ఊరి స్కూలు కాడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది గదా. దాని నివేదిక ఇది. విశ్వవిద్యాలయం వాళ్లు మన కేసు నడిచే చెన్నై హరిత ట్రిబ్యునల్లో దాఖలు చేసినారు. ఈ ఫోటో చూడప్పా. ఇది నువ్వేనా?"

నెహెమ్యా కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. తనే. కళ్లు మూసుకుని, కుడి చెయ్యి పైకెత్తి వేదిక మీద నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఊరంతా చేతులెత్తి ఉంది. ఫోటో కింద అచ్చులో రాసి ఉన్నదాన్ని ఉమామహేశ్వర చదివి వినిపించాడు. 'సభ ప్రారంభంలో స్థానిక క్రైస్తవ సంఘ పెద్ద శ్రీ నెహెమ్యాగారు ప్రాజెక్టు విజయం కోరుతూ ప్రార్థన చేశారు. గ్రామస్థులందరూ చేతులెత్తి ముక్తకంఠంతో ఆమోదం తెలిపారు.'

నెహెమ్యా ఫోటో మీద వేలు పెట్టాడు. "నీ చెయ్యి గూడా లేసి ఉండాదే బసవన్నా! నువ్వు చర్చికే రావు గదా?"

"నువ్వు ప్రార్థన చేస్తాంటే నేను చేతులు కట్టుకోని నిలబడేదా? మర్యాద ఉండొద్దా?" అన్నాడు బసవన్న.

"ఫోటో ఒకటే అయితే ఏదో ఒకటి చెప్పుకుందుము," అన్నాడు లాయరు. "వీడియో గూడా ఉండాది. నువ్వు అన్న మాటలన్నీ టైపు కొట్టినారు. 'ఈ కార్యమును తలపెట్టిన నీ బిడ్డల చేతులను బలపరచుము. ఆటంకములన్నియు తొలగించి దీనిని సంపూర్తి చేయుము తండ్రీ.' ఆటంకములంటే ఎవరప్పా? మీరే గదా!"

బసవన్నకు నవ్వొచ్చింది. నెహెమ్యా ముఖం చూసి నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

ఆ మాటలు తనవి కావని నెహెమ్యా అనలేడు. ముప్పై ఐదేళ్లుగా రాళ్లకుంటలో ఏ పని మొదలైనా ముందు ఆయన ప్రార్థన ఉండాల్సిందే. పాస్టరు అయ్యగారికి పదకొండు ఊళ్లు, నెలకొకసారి ముఖం చూపిస్తే ఎక్కువ. మిగతా భారమంతా నెహెమ్యాదే. బోరు వేసినా, ఆటో కొన్నా, స్లాబు పోసినా, పెళ్లి ఖాయమైనా, పిల్లలు పరీక్షకు పోతున్నా అందరూ ఆయన కోసమే కబురు పెడతారు. ప్రార్థన ఒకటే. తలపెట్టినవారి చేతులను బలపరచాలి, ఆటంకాలు తొలగించాలి, సంపూర్తి చేయాలి. మధ్యలో పని పేరు మాత్రం మారుతుంది. చివర ఊరంతా ఆమెన్ అంటుంది. ఆ ఆమెన్ కోసం ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, తుమ్మొచ్చినట్టు వచ్చేస్తుంది.

ఆ సభ రోజు ఆయన జేబులో నాలుగు పేజీల అభ్యంతర పత్రం ఉంది. రాత్రి కూర్చుని, రెండుసార్లు చించి మళ్లీ రాసుకున్నది. సభ మొదలవ్వబోతుండగా విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు వేదిక దిగి ఆయన దగ్గరికే వచ్చాడు. "నెహెమ్యాగారూ, పెద్దవారు మీరు. మీ ప్రార్థనతో మొదలుపెడదాం రండి," అని రెండు చేతులూ పట్టుకున్నాడు. అటువైపు వాళ్లు తనను గారు అని పిలవడం అదే మొదటిసారి. మనిషి కరిగిపోయాడు. పైకెక్కి కళ్లు మూసుకున్నాడు, నోరు తన దారిన తాను పోయింది. ప్రార్థన తర్వాత ఆ నాలుగు పేజీలూ ఒక్క మాట వదలకుండా చదివాడు. నివేదికలో దాని గురించి ఉన్నది ఒక్క ముక్కే, 'కొందరు సూచనలు చేశారు' అని.

"ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నాడు నెహెమ్యా.

లాయరు ఒక కాగితం తీశాడు. ముందే టైపు చేయించి పెట్టుకున్నాడు. "ప్రమాణ పత్రం ఇయ్యాల. విను. 'నేను చేసిన ప్రార్థన అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాటలే తప్ప, వాటి అర్థం ఆలోచించి పలికినవి కావు. మా ఊరి వారు ఆమెన్ అనుట కూడా అట్టి అలవాటే.' ఇది ఇస్తే ఆ సభ చెల్లదని వాదించొచ్చు. మళ్లీ సభ పెట్టాలని అడగొచ్చు. ఇది లేకుంటే మనకు దారి లేదప్పా."

"నోటికి వచ్చిన మాటలు అనేది కొంచెం మార్చి రాయొచ్చునా?"

"మార్చి ఏమని రాద్దాం? మనసుతో చేసినా అంటావా? అట్లంటే కుంట పోతుంది."

నెహెమ్యా ఆ కాగితం అందుకుని మళ్లీ ఒకసారి చదువుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది. వయసులో ఉండగా ఒకరితో తగాదాపడి బూతులు తిట్టినందుకు సంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పాడు, అప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు. బసవన్న కిటికీ బయట జెరాక్సు అంగడి వైపు చూస్తూ కూర్చున్నాడు. నెహెమ్యా సంతకం పెట్టాడు. బస్టాండులో టీ తాగుదామని బసవన్న పిలిస్తే వద్దన్నాడు.

కాగితం చెన్నైకి పోవడం కంటే ముందే ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. ఎవరు పెట్టారో తెలియదు, తెలుసుకునే ఓపికా ఆయనకు లేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే మరదలు ఏసుమణి చేనికి వచ్చింది. నెహెమ్యా తమ్ముడు దాసన్న భార్య ఆమె. దాసన్న పోయి రెండేళ్లు. కుంట కిందే ఆమెకూ ఎకరన్నర ఉంది, కూతురు మహిమ చదువు, ఇల్లు అన్నీ దాని మీదే. నెహెమ్యా బోరు దగ్గర పైపు బిగిస్తున్నాడు. ఆమె గట్టు మీద నిలబడింది.

"మహిమ చదివి చెప్పింది బావా. అర్థం ఆలోచించకుండా చేసినా అని రాసినావంట."

"రాసింది లాయరు, మణీ. సంతకం నాది."

"కేసుకు మంచిదేనంట గదా?"

"మంచిదే అంటాండారు."

ఆమె పోలేదు. పైపులోంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. "మీ తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పదకొండు దినాలు తలకాడ కూర్చోని ప్రార్థన చేసినావు. నేను ప్రతిదానికీ ఆమెన్ అన్నాను. అది గూడా ఇట్లాంటిదేనా బావా?"

కాదని చెప్పాలి. ఎవరైనా కాదనే చెబుతారు. నెహెమ్యాకు ఆ పదకొండు రోజులూ గుర్తుకొచ్చాయి. అక్కడా బలపరచుమనే అన్నాడు, ఆటంకములు తొలగించుమనే అన్నాడు. వేరే మాటలు ఆయనకు రావు.

"తెలీదు మణీ," అన్నాడు. "మాటలు అవే. ఏడ్చింది మాత్రం నిజం."

ఏసుమణి తల ఊపింది. సరే బావా అని మాత్రం అని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆయన మీద ఆమె ఊళ్లో ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆదివారం చర్చికి వచ్చింది, ఎప్పటిలా ముందు వరసలోనే కూర్చుంది. కానీ నెహెమ్యా ప్రార్థన ముగించినప్పుడు ఆమెన్ పలచగా వినిపించింది. తర్వాతి ఆదివారం ఇంకా పలచబడింది. కళ్లు తెరిచి చూస్తే జనం ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఆయన అన్న మాటను ఒకసారి తమలో తాము తిప్పి చూసుకుని, ఆ తర్వాత అనాలో వద్దో తేల్చుకుంటున్నారు.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. పాత సభ చెల్లదు, మళ్లీ సభ పెట్టి ప్రతి అభ్యంతరాన్నీ విడివిడిగా నమోదు చేయాలి, అప్పటిదాకా వంకలో మట్టి పోయకూడదు. ఉమామహేశ్వర ఫోన్లో గట్టిగా నవ్వాడు. "నీ కాగితమే పని చేసిందప్పా!" అన్నాడు. నెహెమ్యా సంతోషం అని చెప్పి ఫోను పెట్టేశాడు.

రెండో సభ కూడా స్కూలు ఆవరణలోనే జరిగింది. అదే షామియానా, అవే ఎర్ర కుర్చీలు, అదే రిజిస్ట్రారు. వీడియో తీసేవాడు మాత్రం కొత్తవాడు. నెహెమ్యా వెనక వరసలో బసవన్న పక్కన కూర్చున్నాడు. ఈసారి రిజిస్ట్రారు ఆయన వైపు రాలేదు. ఊరి ఆనవాయితీ తప్పకూడదంటూ పట్నం నుంచి ఒక పాస్టరును వెంట తెచ్చుకున్నాడు. ఆ పాస్టరు మైకు అందుకుని కళ్లు మూసుకున్నాడు. నెహెమ్యా కంటే ఎంతో బాగా చేశాడు, గొంతు గంటలా ఉంది. బలపరచుము అన్నాడు, ఆశీర్వదించుము అన్నాడు, ఈ మైదానమును సంపూర్తి చేయుము అన్నాడు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్ అన్నాడు.

ఎవరూ ఆమెన్ అనలేదు.

పాస్టరు ఒక కన్ను తెరిచి చూశాడు. ఆమెన్ అని మళ్లీ గట్టిగా అన్నాడు. మూడు వందల మంది తలలెత్తి, కళ్లు తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చింది, తల్లి ఊరుకోబెట్టింది. వీడియో తీసేవాడు కెమెరాను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, దొరికిందేమీ లేక దించేశాడు. బసవన్న మోచేత్తో పొడిచి, "చూస్తివా?" అన్నాడు సంబరంగా.

నెహెమ్యా చూశాడు. మూడేళ్లలో ఊరు ఇలా ఒక్క మాట మీద నిలబడడం ఇదే మొదలు. సంతోషం కలగాలి. కలగలేదు. పెళ్లి పందిట్లో, చావింట్లో, బోరు గుంట దగ్గర ఈ జనానికి ఆమెన్ నేర్పింది ఆయనే. నోటి దాకా వచ్చినదాన్ని ఆపుకోవడం నేర్పిందీ ఆయనే.

సభ నడిపించడానికి వచ్చిన అధికారి కలం తీశాడు. "ఎవరు మాట్లాడతారు?"

ముందు వరసలోంచి ఏసుమణి లేచింది. జీవితంలో మైకు పట్టుకుని ఎరుగదు. "నా పేరు ఏసుమణి. మా మడి కుంట కింద ఉండాది. వంకకు అడ్డం కట్టొద్దు. నీళ్లు రాకుంటే మేము ఈడ బతకలేము. రాసుకోండి సార్." అధికారి రాసుకున్నాడు. ఆమె కూర్చోలేదు. "ఏమి రాసినారో చదివి చెప్పండి," అంది. ఆయన చదివాడు. ఆమె అన్న మాటే అచ్చంగా ఉంది.

ఆ మాటకు ఆమెన్ అనాలనిపించింది నెహెమ్యాకు. ముప్పై ఐదేళ్లలో అంత మనసారా ఎప్పుడూ అనిపించలేదు. గొంతు దాకా వచ్చింది కూడా. కెమెరా మళ్లీ పైకి లేచి మెల్లగా ఆయన వైపే తిరుగుతోంది. నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.