మోచేతి ఎత్తులో నల్లి

ఆ కీరదోస షెడ్డులో ఆమెను అందరూ భూతద్దం పిన్ని అంటారు. మెడలో తాడుకు వేలాడే భూతద్దంతో రోజూ ఆకులు తిరగేసి, పురుగుందో లేదో చూడటం ఆమె పని. నల్లి అంటే మంచంలో నల్లి కాదు, ఆకు నల్లి. ఉప్పురవ్వలో సగం కూడా ఉండదు. ఆకు అడుగున సాలీడులా దారాలు అల్లుకుని, రసం పీలుస్తూ పిల్లాపాపలతో కాపురం చేస్తుంది. అద్దంలోంచి చూస్తే గాజుపూసల్లాంటి గుడ్లు, ఎనిమిది కాళ్ళు, వీపుమీద అటొకటి ఇటొకటి నల్లమచ్చలు. ఆకుపైన పిండి చల్లినట్టు తెల్లచుక్కలు కనబడేసరికి సగం కొంప మునిగినట్టే.

ఈసారి నల్లి రెండో వరసలో మొదలై, పదిరోజులు తిరిగేసరికి ఆరో వరసలోనూ తేలింది. పొడిగాలికి నల్లి రేగుతుందని అందరికీ తెలిసిందే. పైపుతో తుంపర కొట్టి గాలి తడిగా ఉంచే పని పిన్ని తోడికోడలిది. "అది నీళ్ళు సరిగ్గా కొట్టడం లేదేమో" అని మేస్త్రితో మాటవరసకు అన్నది పిన్నే. మేస్త్రి ఆ మాటను ఉడుంపట్టు పట్టాడు.

"రేపట్నించి మీ తోడికోడల్ని రావద్దను పిన్నీ. నువ్వే చెప్పు. నేను చెబితే మీద పడుతుంది."

రెండు కాపురాలకూ ఒకటే వంటిల్లు. చెప్పక తప్పలేదు.

తోడికోడలు పైపు కట్టేసి వింది. "ఉరితీసే ముందైనా ఆఖరి కోరిక అడుగుతారక్కా. నువ్వు అదీ అడగలేదు. ఈ పైపు మోసి మోసి భుజం కాయ కాసింది. అది కూడా నీ అద్దంలో చూసుకో" అని మళ్ళీ నీళ్ళు తిప్పింది.

పిన్నికి ఆ మాట గుచ్చుకుంది. చేతిలో పని పక్కన పెట్టి, ఆరు వరసలూ మళ్ళీ మొదటినుంచి చూసింది. తీగలు మనిషిని మించి ఎదిగాయి. వేడి పైనే ఎక్కువ కాబట్టి, పొడికి వచ్చిన నల్లి అయితే ముందు పై ఆకులు పోవాలి. అవి నిగనిగలాడుతున్నాయి. చుక్కలన్నీ మోచేతి ఎత్తులోనే ఉన్నాయి. ఐదో వరసలోకి ఈసారి నడుం పట్టుకుని ఎలాగో వెళ్ళి చూసింది, అక్కడ అసలు ఒక్కటీ లేదు. ఆ దారిలో రెండు వారాలుగా మట్టి సంచులు పేర్చి ఉన్నాయి. తోడికోడలు సంచుల మీదుగానే తుంపర కొడుతోంది. నడుము నొప్పితో సంచులు దాటలేక, ఇన్నాళ్ళూ అటు వెళ్ళనిది పిన్ని ఒక్కతే.

అక్కడే నిలబడిపోయింది. జబ్బుమనిషిని ముందు పలకరించినట్టు, రోజూ పొద్దున్నే ఆమె వెళ్ళేది రెండో వరసకే. అక్కణ్ణించే మిగతా వాటికి.

పైన వేసుకున్న పొడుగుచేతుల చొక్కా విప్పి, మోచేతి దగ్గర కుట్టు మీద అద్దం పెట్టింది. ఒకటి, రెండు, ఐదు... ఒకటి దారప్పోగు ఎక్కి తాపీగా నడుస్తోంది. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుంది తన సంగతి.

ఎదురుగా సబ్బునీళ్ళ బకెట్టు ఉంది. ఒక్క ముంచు ముంచితే ఎవరికీ తెలియదు. తోడికోడలు మాత్రం రేపట్నించి పని పోయి ఇంట్లో కూర్చుంటుంది. పిన్ని కాసేపు బకెట్టుకేసి చూసింది. తరవాత చొక్కా మడిచి మేస్త్రి దగ్గరికి నడిచింది.

"ఏంటి పిన్నీ, బొత్తాం ఊడిందా?"

"అద్దం పెట్టి చూడు."

మేస్త్రి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎవరిదిది?"

"నాదే. నీళ్ళ తప్పేం లేదు. నేనే మోసుకెళ్ళి అంటించా."

"నాలుగేళ్ళ బట్టి చూస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"పురుగుని ఆకుమీద వెతుకుతాం కానీ, ఒంటిమీద ఎవరు వెతుక్కుంటారు బాబూ?"

మేస్త్రి నవ్వలేదు. తోడికోడల్ని ఉండమన్నాడు. నల్లి తగ్గేదాకా పిన్నిని మిగతా వరసల్లో అడుగు పెట్టొద్దన్నాడు. రెండో వరస మొత్తం కోసి సంచుల్లో మూటగట్టే పని అప్పగించాడు. అందరూ విసుక్కునే పని అది. ఆకులు చూసే పని వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు.

మధ్యాహ్నం పిన్ని తీగలు కోస్తుంటే, తోడికోడలు వరస చివర ఆగింది.

"దగ్గరికి రాకక్కా. నా పైపుకి అంటిస్తావు."

"రానులేవే."

"మేస్త్రి చెప్పాడు. నువ్వే ఒప్పుకున్నావంటగా."

"ఒప్పుకోక ఏం చేస్తాను?"

తోడికోడలు పైపు భుజం మార్చుకుంది. "సరే. రాత్రి వంటింట్లోకి వచ్చే ముందు తలంటుకుని రా. లేకపోతే గడప దాటనివ్వను" అని ముందుకు కదిలింది.