పంచదార కెమెరా

మా ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటాం. ఎదిగే పిల్ల ఉన్న ఇల్లు కదా అని మొదలైన అలవాటు, నేను ఎదగడం ఆగిపోయాక కూడా ఆగలేదు. బడికి వేసుకెళ్ళిన బూట్లలో నా వేళ్ళ ముందు ఎప్పుడూ గుడ్డపేలికలు కూర్చుని ఉండేవి. పట్టా పుచ్చుకున్న రోజు అద్దెకు తెచ్చిన నల్లగౌను కూడా అంతే. హాల్లో వేలాడుతున్న ఆ ఫొటో చూస్తే గౌనే వేదికెక్కి పట్టా తీసుకుంటున్నట్టు, నేను దానికి తోడు వెళ్ళినట్టు ఉంటుంది. అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. అందుకని ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'డిగ్రీ' అంటున్నారు.

ఆ డిగ్రీకి ఉద్యోగం దొరికింది. అమ్మకానికి పెట్టిన ఇళ్ళకు వెళ్ళి ఫొటోలు తీయాలి. అక్కడే లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇంటివాళ్ళకు చూపించాలి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మేడమ్ కెమెరా, రెండు లెన్సులు, లాప్‌టాప్ బల్ల మీద పెట్టింది.

"సోమవారం నుంచి పని. ఇవి ఆఫీసువి, జాగ్రత్త. సంచి మాత్రం నీకు నప్పేది నువ్వే కొనుక్కో. నీకంటే ముందున్నతను ఏదో సంచిలో పడేసుకు తిరిగి లెన్సు పగలగొట్టుకొచ్చాడు. ఆ ఖాళీలోనే నువ్వొచ్చావు."

ఇంతకంటే సూటిగా ఎవరు చెప్తారు? వాటిని తువ్వాలులో చుట్టి, బస్సులో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి చేర్చాను. పక్క సీటావిడ పాప ముఖం చూద్దామని తొంగిచూసింది కూడా.

మర్నాడు సంచి కొనడానికి అందరం బయల్దేరాం. కెమెరా తీసుకెళ్ళి సంచిలో పెట్టి చూద్దామన్నాను. బస్సు డ్రైవరైన మా నాన్న అడ్డంగా తలూపాడు.

"మనది కాని వస్తువు బజారుకెందుకమ్మా? బస్సు మనదైతే ఎట్లా తోలినా అడిగేవాడుండడు. మనది కాదు కాబట్టే ఒళ్ళు దగ్గర పెట్టుకుని తోలాలి."

"మరి పడుతుందో లేదో తెలిసేదెలా?"

అమ్మ అప్పటికే వంటింట్లో ఉంది. కూరలు తరిగే చెక్క తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టింది; పొడవూ వెడల్పూ ఇంచుమించు సరిపోయాయి. పెద్ద లెన్సుకు ఫ్లాస్కు, చిన్నదానికి స్టీలు గ్లాసు. కెమెరా దగ్గరే చిక్కొచ్చింది. ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో పంచదార డబ్బా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"డబ్బా తేలిగ్గా ఉంది. ఇంకో రెండు చెంచాలు పొయ్యి."

పోశాను.

"ఆ, ఇప్పుడిది కెమెరా," అంది అమ్మ.

సంచుల కొట్టు దగ్గర అత్త మాకోసం ఎదురుచూస్తోంది. నాన్నకు అక్క. ఆఫీసులకు భోజనం క్యారియర్లు అందించడం ఆమె పని. ఖాళీ క్యారియర్లున్న గుడ్డసంచులు రెండు భుజాలకూ వేలాడుతున్నాయి. ఏళ్ళ తరబడి మోసీ మోసీ కుడిభుజం కాస్త కిందికి జారింది.

కొట్టాయన రెండు సంచులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి బూడిదరంగుది, నా వీపుకు సరిగ్గా సరిపడేది. లోపల మెత్తటి అరలు, వెనక లాప్‌టాప్‌కి విడిగా చోటు. వీపుకు ఆనుకునే వైపు నుంచి తెరుచుకుంటుంది కాబట్టి రద్దీలో ఎవరూ చెయ్యి పెట్టలేరు. చూడగానే నా మనసు దాని మీదికి పోయింది. రెండోది నల్లది, ఆజానుబాహువు. వేసుకుంటే వెనక నుంచి సంచికి కాళ్ళొచ్చినట్టు ఉంటాను.

"నల్లది తీసుకోవే డిగ్రీ," అంది అత్త, ఆ సంచి మీద చెయ్యి వేసి. "పట్టుకుంటే వదలబుద్ధి కావట్లేదు."

"రేపు ఇంకో రెండు లెన్సులు ఇస్తే ఎక్కడ పెడుతుంది?" అని నాన్న వత్తాసు పలికాడు. "పెద్దదే నయం."

"అత్తా, నేనింక ఎదగను."

"ఉద్యోగం ఎదుగుతుంది కదే!"

కొట్టాయన నవ్వాపుకుంటూ చూస్తుండగా చెక్కా, ఫ్లాస్కూ, గ్లాసూ, డబ్బా నల్లసంచిలో సర్దాను. అరలు మరీ వెడల్పు. డబ్బా ఒక మూల ఒంటరిగా నిలబడింది. జిప్పు సగం వేసి సంచి వీపున తగిలించుకున్నాను.

"బస్సులో నిలబడ్డట్టు నిలబడు," అన్నాడు నాన్న. తను బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, లేని స్టీరింగు పట్టుకున్నాడు. "బండి కదిలింది. కుడివైపు మలుపు. ఒంగు. ఆ, గతుకు. ఎగురు."

"ఏమండీ, నలుగురూ చూస్తున్నారు," అంది అమ్మ.

"చూడనీ. టికెట్ తీసుకున్నారా వాళ్ళు? డిగ్రీ, సడెన్ బ్రేకు!"

ముందుకు తూలాను. లోపల ఏదో దొర్లింది. 'టప్' మని చప్పుడు. తర్వాత నా మడమల మీద సన్నగా, గరగరలాడుతూ ఏదో రాలడం మొదలైంది.

"అయ్యో కెమెరా!" అని అరిచింది అమ్మ.

జిప్పు తీస్తే మూత ఊడిన డబ్బా ఒక పక్క, పంచదార అన్ని పక్కలా. అరల కుట్లలోకీ మూలమూలలకూ పాకింది. కొట్టాయన తేరుకుని, "పర్లేదండీ, దులిపితే పోతుంది," అన్నాడు.

"పంచదార పోతుంది. దాని వెనక వచ్చే చీమలు పోతాయా?" అన్నాడు నాన్న. ఆయన ముఖం చిన్నబోయింది. "మనం పాడుచేసింది మనమే కొనుక్కోవాలి. అదే ఇచ్చెయ్యండి."

రెండు సంచులు కొనే స్తోమత మాకు లేదు. నల్లది కొంటే సోమవారం ఆఫీసు కెమెరా ఇందులోనే దొర్లుతుంది. లెన్సు పగిలితే ఉద్యోగమూ పగులుతుంది. అలాగని నాన్న మాటకు ఎదురు చెప్పడం నేనెరుగను. నా ఫీజుల కోసం సెలవు రోజుల్లో కూడా బస్సు తోలిన మనిషి. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"నాన్నా, కాలు బ్రేకుకి అందని బస్సు ఇస్తే మీరు తోలుతారా?"

చెయ్యి జేబులోనే ఆగిపోయింది. "ఎట్లా తోలుతానమ్మా? ఎక్కినవాళ్ళ ప్రాణాలేం కావాలి? దిగిపోతాను."

"నాకూ ఇది అంతే. ఒక సైజు పెద్ద."

మా ఇంటి చరిత్రలో ఒక సైజు పెద్ద కావడాన్ని లోపంగా చెప్పడం అదే మొదటిసారి. నాన్న నావైపు చూశాడు, నల్లసంచి వైపు చూశాడు. నెమ్మదిగా తలాడించాడు.

"నిజమే. బ్రేకు నేనే వేశాను కదా, నాకే కనబడింది. కానీ ఈయన సంచి..."

"ఆ సంచి సంగతి నాకొదిలెయ్‌రా తమ్ముడూ!"

అందరం తలలు తిప్పాం. అత్త నేల మీద చతికిలపడి, నల్లసంచి ముందు పెట్టుకుని, తన క్యారియర్లు ఒక్కొక్కటే అరల్లో దించుతోంది. ఒక్కో అరలో ఒక్కో క్యారియర్ అచ్చుగుద్దినట్టు కూర్చుంటోంది. జిప్పు వేసి, రెండు పట్టీలూ రెండు భుజాలకూ తగిలించుకుని లేచింది. మాకు తెలిసి మొదటిసారి ఆమె భుజాలు రెండూ సమానంగా కనబడ్డాయి.

"ఇదిగో బ్రేకు," అని తనే ముందుకూ వెనక్కూ ఊగింది. లోపల ఒక్క గిన్నె మోగలేదు.

"వదినా!" అంది అమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని. "పెద్దది, పెద్దది అంటే మా పిల్ల కోసమనుకున్నాను. మీ క్యారియర్ల కోసమా?"

"అబద్ధమెందుకు మరదలా, జిప్పు తీసిన దగ్గర్నుంచీ నాకు గిన్నెలే కనబడుతున్నాయి. నాకు నేను ఇంత మంచిది కొనుక్కోవడమేమిటని పిల్ల మీద పెట్టి మాట్లాడాను."

"చీమలు పడతాయేమో అక్కా," అన్నాడు నాన్న.

"గిన్నెలతో పాటు సంచి కూడా రోజూ కడిగేదాన్ని నేను. చీమలకు నా దగ్గర తీరిక దొరకదు." బొడ్లోంచి డబ్బుసంచి తీసి కొట్టాయన ముందు పెట్టింది.

ఆయన బల్ల మీద పడిన పంచదారను కాగితంతో ఊడ్చి, "కెమెరా సంచిలో భోజనం మోసే మనిషిని ఇప్పుడే చూస్తున్నానమ్మా," అన్నాడు.

"పంచదార కెమెరాను చూశారా ఎప్పుడైనా?" అంది అత్త.

బూడిదరంగు సంచి నాకొచ్చింది. సగం ఖాళీ అయిన డబ్బాకు అమ్మ తన చేతిరుమాలు చుట్టి, బరువు చాలక కొట్టాయన తాళంకప్ప కూడా అడిగి డబ్బాలో వేసి, మళ్ళీ ప్రయాణం చేయించింది. మలుపు, గతుకు, బ్రేకు. డబ్బా కదల్లేదు. కొట్టాయన తాళంకప్ప వెనక్కి అడిగి తీసుకున్నాడు.

సోమవారం నాన్న బస్సులోనే పనికి బయల్దేరాను. మూడో స్టాపులో అత్త నల్లసంచితో ఎక్కి నా పక్కన నిలబడింది. ఎదుటి సీటాయన ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"ఇద్దరూ ఫొటోగ్రాఫర్లేనా?"

"పెద్ద ఫొటోగ్రాఫర్ని నేను. ఇది నా అసిస్టెంటు," అంది అత్త, తొణక్కుండా. అంతలో ఆమె సంచిలోంచి వేడివేడి భోజనం వాసన వచ్చి ఆయన ముఖం అయోమయంలో పడింది.

సరిగ్గా అప్పుడే ఒక కుక్క రోడ్డుకు అడ్డం పరిగెత్తింది. నిజం బ్రేకు. బస్సంతా ముందుకు ఒరిగింది. నా సంచి మాత్రం వీపును కరుచుకుని ఉండిపోయింది. నాన్న అద్దంలోంచి నన్ను వెతికాడు.

"డిగ్రీ! ఎట్లా ఉంది?"

సంచి ముందుకు తిప్పి, జిప్పు తీసి చూశాను. కెమెరా తన అరలో హాయిగా పడుకుని ఉంది.

"నిద్రపోతోంది నాన్నా!"

"మరి నా గిన్నెల సంగతి అడగవేరా?" అని అరిచింది అత్త. బస్సు కదిలింది.