మూడో మాస్కు

"ఏమే, రాత్రంతా రంపం పెట్టి కోసినట్టు గుర్రు పెట్టినావే, ఈ ఇంట్లో మనుషులు పండుకోవాల్నా వద్దా?" అని అత్త వరదమ్మ అడిగేసరికి జ్ఞానాంబ రోటి ముందు కూర్చుని దోసెపిండి రుబ్బుతోంది. రుబ్బుతోందని మర్యాదకు అనుకోవాలి. చెయ్యి పొత్రం మీదే ఉంది గానీ కళ్లు ఎప్పుడో మూతపడ్డాయి.

ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఒళ్లు బండరాయిలా ఉండేది. చిత్తూరులో ఇంటి చాకిరీ ముగించి, పూతలపట్టు బడిలో పాఠాలు చెప్పడానికి బస్సెక్కితే కూర్చున్న నిమిషంలో నిద్ర. ఎన్నిసార్లు దిగాల్సిన చోట దిగక పాకాల దాకా పోయి, నవ్వే కండక్టరు ముందు తలొంచుకుని వెనక్కి వచ్చిందో! "ఇది బడి టీచరమ్మా, పడకటిల్లు కాదు" అని హెడ్మాస్టరు పిల్లలందరి ముందూ అన్నాడు. ఇంట్లోనేమో "తిండి ఎక్కువైనోళ్లకే నిద్రెక్కువ" అనే మాట. చక్కెర మిల్లులో గుమాస్తా అయిన మొగుడు బాలసుబ్రమణ్యం ఆమె చాపను సామాన్ల గదిలోకి మార్పించాడు. ఆయనేమన్నా తక్కువ తిన్నాడా? ఆయన గుర్రుకు పక్కింటి కుక్క లేచి మొరిగేది. "మొగోడి గుర్రు ఇంటికి కాపలా, ఆడదాని గుర్రు ఇంటికి అరిష్టం" అని వరదమ్మ తీర్పు చెప్పేసింది. ఇంక అప్పీలు ఎక్కడుంది?

స్టవ్వు ముందు కునుకు పట్టి చీర చెంగు అంటుకున్న మర్నాడు అన్న వెంకటముని వచ్చి, ఎవరి మాటా వినకుండా ఆమెను మద్రాసు తీసుకుపోయాడు. అక్కడ ఆస్పత్రిలో డాక్టరు ఆమె నిద్రను కనిపెట్టి చూసి, గొంతు మూసుకుపోయి గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందన్నాడు. ఇలాగే వదిలేస్తే గుండె ఎక్కువ కాలం నిలవదన్నాడు. విదేశం నుంచి కొత్తగా తెచ్చిన యంత్రం ఒకటి ఉందట. ముక్కుకు మాస్కు తగిలించుకుంటే గాలిని లోపలికి తోసి గొంతు మూసుకోకుండా చూస్తుంది. నెలరోజులు ఇంట్లో వాడి, సరిపడితే ఆమె దగ్గరే ఉంచుతారు, లేదంటే వరసలో ఉన్న తరువాతి రోగికి ఇచ్చేస్తారు. మొదటి మాస్కు ఏ దొరసాని ముక్కు కొలతకు చేశారో గానీ గాలంతా కళ్లల్లోకి కొట్టింది. రెండోది ముక్కు దూలాన్ని ఒరుసుకుని ఎర్రగా చేసింది. మూడోది మెత్తటిది, అమ్మయ్య, కుదిరింది అనుకున్నారు. కానీ రెండు వైపులా ఉన్న ఏడురాళ్ల ముక్కుపుడకల దగ్గర సందు మిగిలి, గాలి ఈల వేస్తూ బయటికి పోయింది. నర్సు వాటి మరలు తిప్పి తీసి వెంకటముని చేతిలో పెట్టింది.

ఆ రాత్రి జ్ఞానాంబ నిద్రపోయింది. ముప్పై ఏడేళ్ల మనిషి, తెల్లారి లేచి కూర్చుని తన తలను తనే రెండు చేతులతో పట్టుకుని చూసుకుంది. బరువు లేదు. "అన్నా, అందరూ దినామూ ఇట్లనే లేస్తారా?" అని అడిగి, భోరుమని ఏడ్చింది.

యంత్రంతో చిత్తూరు తిరిగొచ్చాక, రాత్రిపూట ముక్కుపుడకలు తీయాలన్న మాట చెవిన పడగానే వరదమ్మ గుండెలు బాదుకుంది. "నా కొడుకు గుండ్రాయి మాదిరి బతికుండంగా ముక్కు బోడిగా పెట్టుకుంటావా? మొగుడు పోయినాకనే కదే అవి తీసేది! నీ నోట్లో మన్ను పడ!"

"ఆచారి దగ్గర సన్నగా, చదునుగా మార్పిస్తానత్తా."

"అవి మా అత్త నాకు పెట్టినవి. కరిగించేదానికి నువ్వెవురు?"

బాలసుబ్రమణ్యం పేపరు మడిచాడు. "అమ్మ మనసు కష్టపెట్టి ఏం సాధిస్తావు? ఎట్లనో ఒకట్ల సర్దుకో. అన్నిట్లో సర్దుకుంటావు కదా" అన్నాడు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే.

సర్దుకుంది పిచ్చిది. మాస్కు అంచుకు దూది పెట్టింది, మైనం అద్దింది, పాత బనీను గుడ్డ మడిచి కుట్టింది. ఈల ఆగలేదు. చివరికి అందరూ పడుకున్నాక పుడకలు తీసి, కోడి కూయకముందే పెట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు రోజులు బడిలో కునుకు రాలేదు. మూడో తెల్లవారుజామున వరదమ్మ చూసేసింది. ఖర్మ కాలి ఆ రోజే బాలసుబ్రమణ్యం సైకిలు గుంతలో పడి మోకాలు గీరుకున్నాడు. ఇంకేముంది! "సూస్తివా? నా కొడుకును మింగను సూస్తివి కదే!" అని వీధంతా వినిపించింది. ఆయన మోకాలు చూసుకుని, ఆమె ముక్కు వైపు చూశాడు.

సైకిలు ఎందుకు పడుతుందో మూడో తరగతి పిల్లలకు చెప్పగలిగిన మనిషి జ్ఞానాంబ. అయినా మరలు బిగించుకుంటుంటే, ఒకవేళ నావల్లనేనేమో అని ఒక్క క్షణం అనిపించింది. అత్త తిట్లకన్నా ఆ క్షణానికే ఆమెకు తన మీద ఎక్కువ రోత పుట్టింది. మర్నాటి నుంచి యంత్రం మూల చేరింది. ఆమె మళ్లీ పాకాల దాకా పోవడం మొదలైంది.

నెల నిండింది. యంత్రం తిరిగి ఇచ్చేయడానికి వెంకటముని వచ్చాడు. "బావా, ఇంకొకతూరి ఆలోచించు. డాక్టరు ఏమి చెప్పినాడో విన్నావు గదా" అన్నాడు.

"ఆలోచించేదేముండాది బావా? దానికి పడలేదు."

ఆస్పత్రి కాగితంలో 'యంత్రం వాడకపోవడానికి కారణం' అన్నచోట బాలసుబ్రమణ్యం గుండ్రటి అక్షరాలతో 'రోగికి ఇష్టం లేదు' అని రాసి, కింద వేలు పెట్టి చూపించాడు. "ఈడ సంతకం పెట్టు. బస్సుకు టైమైతా ఉండాది."

జ్ఞానాంబ కలం తీసుకుంది. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో ఆమె ఇష్టాలు ఆమెకన్నా ముందు వీళ్లకే తెలుసు. 'దానికి సినిమాలంటే పడదు', 'దానికి పుట్టింటి ధ్యాస లేదు'. అన్నిటికీ తలాడించింది. ఈ ఒక్కదానికి చెయ్యి రాలేదు. ఏమి రాసినా యంత్రం ఉండదని ఆమెకు తెలుసు. ఈ రాత్రి మళ్లీ గొంతు మూసుకుంటుందని, ఏదో ఒక రాత్రి ఇంక తెరుచుకోదని కూడా తెలుసు. పోతే పోయింది, అబద్ధం కింద మాత్రం నా పేరు ఉండకూడదు అనుకుంది. మొగుడి రాతను అడ్డంగా కొట్టేసింది. నల్లబల్ల మీద రాసేటప్పటి పొందికైన అక్షరాలతో ఆ గడిలో కారణం రాసి, సంతకం పెట్టి, అన్న చేతికిచ్చింది.

'నా భర్త బతికే ఉన్నాడు.'