కుడివైపు కుర్చీ

పిడుగు అన్నది ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. నోట్లో వేలు పెట్టినా కొరకలేదని వెక్కిరించడానికి చిన్నప్పుడు అన్నయ్య తగిలించిన పేరు, అదే నిలిచిపోయింది. ముప్పై దాటిన ఈ పిడుగు ఇప్పుడు దంతవైద్యులకు కట్టుడు పళ్ళు చేసి పంపే ల్యాబులో పనిచేస్తుంది. పగలంతా ఎవరెవరివో దవడల అచ్చులు ముందేసుకుని మైనంతో చిగుళ్ళు దిద్దుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీవీ ముందు కూర్చుని పళ్ళు రాలగొడుతుంది.

ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తన్నుకునే వీడియో గేమ్ అది. అందులో కండలు తిరిగిన వస్తాదులు బోలెడంతమంది ఉండగా పిడుగు నల్ల గొడుగు పట్టుకున్న ఒక ముసలమ్మను ఎంచుకుంది. ఆ గొడుగు మర్యాద రుచి చూసినవాడు లేచి నిలబడడానికి కాస్త సమయం పడుతుంది.

వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ ఊళ్ళో ఈ ఆట ఆడే రెండో మనిషి లేరు. ల్యాబులో అందరినీ అడిగి చూసింది. సెల్‌ఫోన్ల షాపు అద్దానికి కాగితం అంటించింది. దానికి వచ్చిన ఒకే ఒక్క ఫోను, టీవీ అమ్ముతారా అని. పోనీ నెట్‌లో ఆడదామంటే ఆ వీధికి వచ్చే నెట్ నత్తకు తమ్ముడు. ఇవాళ కొట్టిన దెబ్బ రేపు తగిలేలా ఉండేది. అందుకని మూడేళ్ళుగా ఆమెకు మిగిలింది ఆటలోనే సాధన కోసం ఇచ్చే బొమ్మ. కొడితే పడుతుంది, లేస్తుంది, మళ్ళీ కొట్టమని నిలబడుతుంది. నవ్వదు, ఏడవదు, ఒక్క మాటనదు.

తనకు వచ్చింది నిజంగా ఆటేనా, లేక ఊరికే బొమ్మను బాదడమా? ఈ సందేహం పిడుగును పళ్ళు దిద్దుతున్నప్పుడు కూడా వదిలేది కాదు. బతికున్న మనిషిని ఒక్కరినైనా గెలిస్తే గానీ అది తీరేది కాదు.

అదే ఇంట్లో ఉండే వదిన డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు తొక్కుతూ, కొత్తవాళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టి తిరిగే మనిషి. ఆమెకు భయమూ లేదు, నోటికి అదుపూ లేదు.

"ఆ బొమ్మ నీకేం అపకారం చేసిందే? మూడేళ్ళనుంచీ తంతున్నావు. నాకు చెబితే నేనూ నాలుగు మాటలంటాను కదా."

"ఆదివారం పోటీ ఉంది వదినా. నగరంలో. నువ్వే కారు తీయాలి."

"ఎవరితో పోటీ? ఇంకో బొమ్మతోనా?"

"మనుషులతో."

వదిన ఒక్క క్షణం మరదలి మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో గానీ, "పొద్దున్నే తయారవ్వాలి మరి. నీ అలంకారాలకి నేను ఆగను" అంది.

పోటీ ఒక ఆఫీసు భవనం రెండో అంతస్తులో. పొడుగు బల్లలు, బల్ల మీద టీవీలు, టీవీకి రెండేసి కుర్చీలు. తలుపు తీయగానే హాలు నిండా బటన్ల టకటకలు వినబడ్డాయి. తన గదిలో తప్ప ఇంకెక్కడా ఎన్నడూ వినని చప్పుడది. పిడుగు ఒళ్ళు ఝల్లుమంది. ఇంతమంది ఉన్నారా ఈ లోకంలో! నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వదిన గమనించి కూడా గమనించనట్టు నీళ్ళ సీసా చేతికిచ్చింది.

నియమం సులువు. రెండుసార్లు ఓడితే ఇంటికి.

మొదటి ఆటకు పిలిచేసరికి ప్రత్యర్థి, వెండి రంగు గోళ్ళున్న ఒక కాలేజీ అమ్మాయి, ఎడమవైపు కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పిడుగు మారు మాట్లాడకుండా కుడివైపు కూర్చుంది. ఎటు కూర్చుంటే ఏముందిలే అనుకుంది. ముసలమ్మ తెరకు కుడివైపున, ఎడమకు తిరిగి నిలబడింది. ఆట మొదలైంది. పిడుగు వేళ్ళు మూడేళ్ళ అలవాటు కొద్దీ పరిగెత్తాయి. ముసలమ్మ ముందుకు దూకాల్సింది వెనక్కి నడిచింది. ఎదుటివాడి నెత్తిన దిగాల్సిన గొడుగు అసలు లేవనేలేదు. పిడుగు ఇంకా గట్టిగా నొక్కింది. ఏ బటన్ నొక్కినా అది వేరే ఊరికే పోతోంది. తేరుకునేలోగా ఆట అయిపోయింది.

"మొదటిసారా అండీ?" అనడిగింది కాలేజీ అమ్మాయి. పాపం ప్రేమగానే అడిగింది. అందుకే మరీ మండింది.

జరిగిందేమిటో మెట్లు దిగుతుంటే పిడుగుకు అర్థమైంది. సాధనలో మనం ఎప్పుడూ ఎడమవైపే మొదలవుతాం, బొమ్మ కుడివైపు ఉంటుంది. ఎప్పుడైనా అటూ ఇటూ మారిపోతే, ఒక్క బటన్ నొక్కి మళ్ళీ మొదటికి తెచ్చుకునేది. చేతికి అలవాటైన చోటు వదలడం ఎందుకని. అలా మూడేళ్ళ విద్యంతా ఒక్క కుర్చీలోంచే నేర్చుకుంది. ఆ సంగతి ఆమెకే తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు.

నేలమాళిగలో ఆపిన కారులో కూలబడి, వదినకు వివరంగా చెప్పుకొచ్చింది. "కుడి, కింద, కుడి అని కంఠతా పట్టాను వదినా. అక్కడ అన్నీ తిరగబడ్డాయి. ఇంకొక్కటి ఓడితే అంతే. ఇంకో గంటలో పిలుస్తారు."

వదిన ఈసారి ఎగతాళి చేయలేదు. "కుడీ ఎడమా అని ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదు. నేనే."

"అదీ సంగతి. నేను బండి వెనక్కి తీయడం నేర్పేటప్పుడు కుడీ ఎడమా అన్నాననుకో, వాళ్ళు తిన్నగా తీసుకెళ్ళి గోడకి గుద్దుతారు. గోడ ఎటుందో చూడమంటాను. వాడు ఎటున్నాడో చూడు నువ్వు. వాడి వైపు, వాడికి దూరంగా. అంతకంటే ఇంకేమైనా ఉందా నీ ఆటలో?"

పిడుగు ఆలోచించి చూసుకుంది. ఇంకేమీ లేదు. ఊళ్ళో ఈ ఆట ఆడేవాడు ఇంకొక్కడుండి ఉంటే మొదటి వారంలోనే చెప్పి ఉండేవాడు.

"సంచిలోంచి నీ కంట్రోలర్ తీసి ఒళ్ళో పెట్టుకో," అని వదిన కారు దిగింది. బానెట్ ముందుకెళ్ళి ఒక హెడ్‌లైటు దగ్గర నిలబడి, నడుముకు చున్నీ బిగించింది. "నేనే నీ శత్రువుని. నా వైపు, కింద, నా వైపు. కానీయ్."

పిడుగు తీగ లేని కంట్రోలర్‌తో ఆమె వైపు నొక్కింది. వదిన చెంగున గెంతి రెండో హెడ్‌లైటు దగ్గరికి పోయింది. "ఇప్పుడు?" పిడుగు అటు నొక్కింది. మళ్ళీ గెంతింది. "నాకు దూరంగా!" మళ్ళీ గెంతింది. నలభై దాటిన మనిషి, మెడలో విజిల్‌తో, పాత కారు ముందు అటూ ఇటూ గెంతుతుంటే, గేటు దగ్గరి వాచ్‌మన్ కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. వదినకు ఆయాసం వచ్చింది. పిడుగుకు నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూనే వేళ్ళు కుడి ఎడమలను మరిచిపోయి వదిన వెంట పడడం మొదలుపెట్టాయి.

రెండో ఆట గడ్డం మనిషితో. వంటవాడట, ఇంకా తెల్ల ఏప్రన్ మీదే ఉన్నాడు. నాణెం ఎగరేస్తే ఎడమవైపు కుర్చీ అతనికే పడింది. పిడుగు మళ్ళీ కుడివైపే కూర్చుంది. వెనక నిలబడ్డ వదిన వంగి, "వాడి వైపు" అని మాత్రం అంది.

మూడింట్లో రెండు గెలిచినవాళ్ళది ఆట. మొదటిది గడ్డం మనిషే పట్టుకుపోయాడు, కానీ ఈసారి గొడుగు తగలాల్సిన చోట రెండుసార్లు తగిలింది. రెండోదాంట్లో అతను దూకి అవతలికి వెళ్ళాడు. పిడుగు వేళ్ళు అతనితో పాటే అటు తిరిగాయి. తనకు తెలియకుండానే తిరిగాయి. ఆ సంగతి గ్రహించిన క్షణాన లోపల్నుంచి ఏనుగెక్కినంత సంబరం పొంగుకొచ్చింది. ఇక ముసలమ్మను ఆపడం ఎవరి తరం? రెండోది పిడుగుది.

మూడోదాంట్లో ఇద్దరికీ ప్రాణం ఆవగింజంత మిగిలింది. అప్పటిదాకా కూనిరాగం తీస్తూ ఆడుతున్న గడ్డం మనిషి అది ఆపేశాడు. చుట్టూ నలుగురు చేరారు. పిడుగు గొడుగు పైకెత్తింది. అతను నెత్తి కాచుకున్నాడు. ఆ గొడుగు దిగలేదు. ముసలమ్మ దాన్ని టప్పున మూసి, ఒక్క అడుగు అతని వైపు వేసి, దాని వంకీ పిడితో కాలు పట్టి లాగింది. అతని వస్తాదు వెల్లకిలా పడ్డాడు. ఇక లేవలేదు.

పిడుగు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని తెర వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. అలవాటు కొద్దీ ఆ వస్తాదు లేచి నిలబడతాడని ఎదురుచూస్తోంది.

పక్క కుర్చీలోంచి పెద్ద నవ్వు వినిపించింది. "అమ్మ బాబోయ్, ఏంటండీ ఆ చివరిది? గొడుగు మూసి లాగడం ఎక్కడా చూడలేదు నేను. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"నేనే... ఇంట్లో కనిపెట్టాను."

"ఇంకోసారి చేసి చూపిస్తారా? నేను కాచుకుంటాను, నా మీదే చేయండి." అతను అప్పటికే కుర్చీ దగ్గరికి లాక్కుంటున్నాడు. వెనకనుంచి ఇంకొకతను, "నాక్కూడా కనబడేలా జరగండి కాస్త" అన్నాడు.

మైకులో తర్వాతి ఆటకు పిడుగు పేరు పిలిచారు. వదిన భుజం తట్టింది. "లేవే, నిన్నే పిలుస్తున్నారు. ఆలస్యమైతే తీసేస్తారట."

"పిలవనీ వదినా," అంది పిడుగు, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఈయన అడుగుతున్నారు. చూపించి వస్తాను."